‘తప్పే గానీ...’

పాతబస్తీలో ఏ గొడవ జరిగినా మర్నాడు రెండు వైపుల పెద్దలూ ఒకే మాట చెబుతారు. “మా మతం ఇలాంటివి నేర్పలేదు. ఇవి చేసినవాళ్ళు అసలు భక్తులే కారు.” పత్రికల్లో ఆ మాట అచ్చవుతుంది. శాంతి కమిటీ కూర్చుంటుంది. చాయ్ తాగుతారు, చేతులు కలుపుతారు. కొన్నేళ్ళకు ఇంకో గొడవ వస్తుంది, మళ్ళీ అదే మాట వస్తుంది.

ఆ మాట చెప్పేవాళ్ళు అబద్ధం ఆడుతున్నారని మేము అనుకోవడం లేదు. మక్కా మసీదులో నమాజు చదివి లాడ్‌బజారులో గాజులు అమ్ముకునే మనిషి ఎవరి మీదా కత్తి ఎత్తడు. లాల్‌దర్వాజ అమ్మవారికి బోనం సమర్పించి ఇంటికి వెళ్ళి పిల్లలకు అన్నం పెట్టే తల్లి ఎవరి ఇంటికీ నిప్పు పెట్టదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. కత్తి ఎత్తేవాడికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తోంది? వాడు ఒంటరిగానే వస్తున్నాడా, లేక కత్తి ఎత్తని వేలమంది నమ్మకం వాడి వెనక నిలబడుతోందా?

మేము దేవుణ్ణి నమ్మనివాళ్ళం. గోండు గూడెంలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, పంతులు పని చేస్తున్నవాళ్ళం. నాస్తికుల్లో కొందరు ఈ ప్రశ్నకు గట్టి జవాబే ఇచ్చారు. అమెరికా రచయిత శామ్ హారిస్ 2004లో ‘ది ఎండ్ ఆఫ్ ఫెయిత్’ అనే పుస్తకం రాశాడు. మితంగా నమ్మే మంచి భక్తులే ఉన్మాదికి గొడుగు పడుతున్నారని అందులో వాదించాడు. నమ్మకాన్ని ప్రశ్నించడం మర్యాద కాదు అనే పద్ధతిని నిలబెడుతున్నది వాళ్ళేననీ, ఆ మర్యాద చాటునే ఉన్మాది పెరుగుతున్నాడనీ అతని మాట. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పుట్టిన వాదం అది. మన నేల మీద అది ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. ముందు పాతబస్తీలో చూద్దాం, తర్వాత మన గూడేల్లో చూద్దాం.

పాతబస్తీ గొడవ మనకెందుకు అని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడగవచ్చు. ఇంటర్ అయిపోగానే చదువుకో, కోచింగుకో, కూలికో మనం దిగేది హైదరాబాదులోనే. అక్కడికి పోనివాళ్ళ దగ్గరకు ఆ గొడవే ఫోనులో నడిచి వస్తోంది. చార్మినార్ దగ్గర సాయంత్రం జరిగినది రాత్రికల్లా ఉట్నూరులో, జైనూరులో పిల్లల చేతుల్లో ఉంటోంది. జరగనిది కూడా ఉంటోంది.

పార్దీవాడ చెప్పిన సంగతి

పాతబస్తీ అంటే గొడవలే అనుకోవడం అన్యాయం. 1591లో చార్మినార్ కట్టినప్పటి నుంచి అక్కడ రెండు మతాల వాళ్ళూ ఒకరి పండుగలో ఒకరు నడుస్తూనే ఉన్నారు. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయలుదేరితే హిందువులు కూడా దండం పెడతారు. మన ఊళ్ళలో పీర్ల పండుగ ఎలా అందరిదో అదీ అలాంటిదే. భక్తి ఉన్నంత మాత్రాన పగ ఉండదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి అదే ఊళ్ళో 1990 డిసెంబరులో వందమందికి పైగా చచ్చిపోయారు. అయోధ్య కోసం సాగిన రథయాత్ర దేశమంతా వేడి పుట్టించిన సంవత్సరం అది. ఆ గొడవల మీద సుధీర్ కకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త హైదరాబాదు వచ్చి రెండు వైపుల మనుషులతోనూ మాట్లాడి 1996లో పుస్తకం అచ్చువేశాడు. ఆదివాసీ పాఠకులు ఆ పుస్తకం గురించి తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే హిందువుల వైపు అతను ఎంచుకున్నది అగ్రహారాల వాళ్ళను కాదు, పార్దీలను. ఒకప్పుడు అడవుల్లో వేటాడి బతికిన సంచార జాతి వాళ్ళు. నగరంలో స్థిరపడి పండ్లు, కూరగాయలు అమ్ముకుంటున్నారు. అడవి పోయింది, వేట పోయింది. కొత్త ఊళ్ళో వాళ్ళకు దొరికిన గుర్తింపు ‘హిందువుల తరఫున నిలబడి కొట్లాడేవాళ్ళు’ అన్నది. మనలాంటి ఒక జాతి పట్నానికి వచ్చి ఏ వరుసలో నిలబడిందో చూడండి.

కకర్ అటు పార్దీలనూ, ఇటు ముస్లిం కుటుంబాలనూ ఒకే రకం ప్రశ్నలు అడిగాడు. అవతలి మతం వాళ్ళతో కలిసి తినడం తప్పా? కొట్టడం తప్పా? ఇల్లు కాల్చడం తప్పా? చంపడం తప్పా? ప్రతి ప్రశ్ననూ రెండు విధాలుగా అడిగాడు. మామూలు రోజుల్లో తప్పా, గొడవల రోజుల్లో తప్పా అని. మామూలు రోజుల్లో పాపమన్న పనులు కొన్ని గొడవల రోజుల్లో అంత పాపం కావన్న జవాబు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఆడవాళ్ళ మీద చెయ్యి వెయ్యడం మాత్రం ఎప్పుడైనా తప్పేనన్న మాట గట్టిగా వినబడింది.

జవాబులు చెప్పినవాళ్ళు గూండాలు కారు. సంసారాలు చేసుకునేవాళ్ళు, పండుగలకు ఉపవాసాలు ఉండేవాళ్ళు. వాళ్ళ లోపల రెండు ధర్మ శాస్త్రాలు ఉన్నాయి. ఒకటి రోజూ వాడుకునేది, ఇంకొకటి పెట్టెలో దాచుకున్నది. ఉన్మాది రెండోదాన్ని కొత్తగా రాయనక్కర్లేదు. పెట్టె మూత తీస్తే చాలు. ‘మన గుడిలో ఏదో పడేశారట’, ‘మన పిల్లను ఎత్తుకుపోయారట’ అనే ఒక్క పుకారు ఆ మూత తీస్తుంది.

భక్తి ఇచ్చే మూడు అప్పులు

శామ్ హారిస్ గొడుగు అన్నాడు. మేము అప్పు అంటాం. మంచి భక్తుడు తనకు తెలియకుండానే ఉన్మాదికి మూడు అప్పులు ఇస్తున్నాడు.

మొదటిది, అడగకూడదు అనే అలవాటు. ఇంట్లో పిల్లవాడు “ఇది నిజమేనా?” అని అడిగితే “కళ్ళు పోతాయి, అలా అనకూడదు” అంటాం. ఎవరికీ హాని చెయ్యని చిన్న మాట అది. కానీ పదిహేనేళ్ళు ఆ మాట విన్న పిల్లవాడికి, రేపు మైకు పట్టుకున్నవాడు ఏదో చెబితే సాక్ష్యం అడగాలని తోచదు. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. బాంబు ఎవరు పెట్టారో ఆ సాయంత్రానికే ఊళ్ళో అందరికీ ‘తెలిసిపోయింది’. ఎవరికి నచ్చిన జవాబు వాళ్ళు పట్టుకున్నారు. ముస్లిం యువకులను పట్టుకుపోయి హింసించారు, తర్వాత వాళ్ళు నిర్దోషులని తేలింది. తర్వాత కేసు ఇంకో వైపు తిరిగింది. అందులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులుగా వదిలింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఈనాటికీ జవాబు లేదు. అయినా ఇప్పటికీ ఎవరినడిగినా ‘ఫలానావాళ్ళే’ అని తడుముకోకుండా చెబుతారు. సాక్ష్యం లేకుండా నమ్మడం మంచి గుణమని నేర్పిన చోట ఇలాగే జరుగుతుంది.

రెండోది, మనోభావం అనే మాట. 2007 ఆగస్టు 9న బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు హైదరాబాదు ప్రెస్ క్లబ్బుకు వచ్చింది. ఆగస్టు 9 మనకు ఆదివాసీ దినోత్సవం. ఆ రోజే పాతబస్తీ పార్టీ ఎమ్మెల్యేలు, కార్యకర్తలు కొందరు లోపలికి జొరబడి ఆమె మీద దాడి చేశారు. పూలగుత్తులు, సంచులు, కుర్చీలు, చేతికి దొరికినవి విసిరారు. పక్కనున్న హేతువాది నరిసెట్టి ఇన్నయ్య లాంటి కొద్దిమంది అడ్డుపడి ఆమెను కాపాడారు. దాడిని ఖండించిన ముస్లింలు కూడా ఉన్నారు, అది మరచిపోకూడదు. కానీ ఊళ్ళో ఎక్కువగా వినబడిన మాట ఇంకొకటి. “కొట్టడం తప్పే గానీ, ఆమె మాత్రం అలా రాయొచ్చా?”

ఇలాంటి మాట ఒక మతానిదే కాదు. 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్‌ను, 2015 ఫిబ్రవరిలో కొల్హాపూరులో గోవింద పన్సారేను, అదే ఏడు ఆగస్టులో ధార్వాడలో కల్బుర్గిని, 2017 సెప్టెంబరులో బెంగళూరులో గౌరీ లంకేశ్‌ను తుపాకులతో కాల్చి చంపినప్పుడు మంచి హిందువుల ఇళ్ళలోనూ అదే మాట వినబడింది. “చంపడం తప్పే గానీ, మన దేవుళ్ళ జోలికి ఎందుకు పోవాలి?” తుపాకి పట్టినవాడికి కావలసింది ఆ రెండో సగమే. మొదటి సగం వాడి చెవిన పడదు.

మూడోది, గుంపు. 2010 మార్చిలో పాతబస్తీలో గొడవ మొదలైంది జెండాల దగ్గర. మిలాద్ పచ్చ జెండాలు, హనుమాన్ జయంతి కాషాయ జెండాలు, ఎవరి జెండా ఎక్కడ కట్టాలన్న తగువు. చాలా పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టేదాకా పోయింది. జెండా కట్టిన కుర్రవాళ్ళు కొన్ని పదులమంది. వాళ్ళ జోలికి పోలీసు వెళ్ళడానికి జంకేది ఆ పదులమందిని చూసి కాదు. వాళ్ళ వెనక పండుగ చేసుకుంటున్న లక్షలమందిని చూసి. వినాయకుడి శోభాయాత్ర బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగుతుంది. అందులో నడిచేవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా పిల్లలను భుజాన ఎక్కించుకుని విగ్రహం చూడ్డానికి వచ్చినవాళ్ళే. మసీదు ముందు ఆగి డీజే శబ్దం పెంచేవాళ్ళు కొద్దిమందే. ఆ తొంభైమంది పక్కకు తప్పుకుంటే ఈ కొద్దిమంది ఎంతమందో అందరి కంటికీ కనబడుతుంది. తప్పుకోరు. “పండుగ కదా, పోనీలే” అంటారు.

మన ఇంట్లో సంగతి

ఇంతదాకా చదివి “అవును, హిందువులూ ముస్లింలూ ఇంతే, మన ప్రకృతి ధర్మం వేరు” అని మనవాళ్ళు కొందరు సంతోషపడవచ్చు. అక్కడే ఆగితే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

మన గూడేల్లో చేతబడి, బాణామతి అనే నమ్మకం ఉంది. పసిబిడ్డకు జ్వరం తగ్గదు, ఎడ్లు వరసగా చస్తాయి, పత్తికి తెగులు పడుతుంది. ఎవరో చేశారు అంటారు. ఆ ‘ఎవరో’ చాలాసార్లు మొగుడు పోయిన ముసలమ్మ, లేదా నాలుగెకరాలున్న ఒంటరి ముసలాయన. గూడెంలో ఎవరినైనా పిలిచి అడగండి. “నమ్ముతావా?” అంటే “ఏమో సారూ, పెద్దలు చెప్పారు, ఉంటదేమో” అంటారు. ఎంత మెత్తని నమ్మకం చూడండి. ఆ నమ్మకం ఉన్న మనిషి ఈగను కూడా కొట్టడు. కానీ ఒక రాత్రి తాగిన ముగ్గురు కుర్రవాళ్ళు ఆ ముసలమ్మను కొట్టి చంపుతారు. తెల్లారి గూడెమంతా ఏమంటుంది? “చంపడం తప్పే గానీ, ఆమె మీద మొదటి నుంచీ అనుమానం ఉంది.” పోలీసులు వస్తే ఎవరూ ఏమీ చూడలేదు. కోర్టులో సాక్షి ఉండడు.

తెలంగాణ జిల్లాల్లో ఇలాంటి హత్యల వార్తలు చదవని ఏడాది లేదు. ఆదివాసీ గూడేల్లోనే కాదు, మైదానం ఊళ్ళలోనూ జరుగుతున్నాయి. చంపినవాళ్ళు ముగ్గురే. ‘ఉంటదేమో’ అన్నవాళ్ళు మూడు వందలమంది. ఆ మూడు వందలమంది ముందు రోజే ‘అలాంటిది ఏమీ లేదు, ముసలమ్మ జోలికి పోతే ఊరుకోం’ అని ఒక్క గొంతుతో అని ఉంటే ఆ ముగ్గురూ ఆ రాత్రి గడప దాటేవారు కాదు. పాతబస్తీలో మనకు దూరంగా కనబడిన సంగతి ఇక్కడ మన వాకిట్లోనే కనబడుతోంది. మెత్తని నమ్మకం ఎవరినీ చంపదు. చంపేవాడికి చోటిస్తుంది.

ఎదురు వచ్చే మాటలు

ఈ వాదానికి ఎదురు మాటలు ఉన్నాయి. వాటిని దాటేసి పోకూడదు.

గొడవలు పెట్టేది రాజకీయ నాయకులు గానీ భక్తులు కారు అని ఒక మాట. 1990 డిసెంబరు గొడవలప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న మర్రి చెన్నారెడ్డి ఆ నెలలోనే కుర్చీ దిగిపోయారు. కుర్చీ కోసమే గొడవలు పెట్టించారని అప్పటి నుంచీ జనం చెప్పుకుంటూనే ఉన్నారు. రాజకీయం ఉంది, భూముల ధరలు ఉన్నాయి, నిరుద్యోగం ఉంది. కాదనం. కానీ విత్తనం ఎవరు చల్లినా, బండ మీద మొలవదు కదా. నాయకుడు ఏ మాట అంటే జనం కదులుతారో ఆ మాటే అంటాడు. తిండి ధరలు పెరిగాయంటే కదలని వీధి, దేవుడికి అవమానం జరిగిందంటే ఎందుకు కదులుతోంది? ఆ తేడాకు జవాబు రాజకీయంలో ఒక్కదాంట్లోనే దొరకదు.

నాస్తికులు మాత్రం చంపలేదా అని ఇంకో మాట. చంపారు. కంబోడియాలో 1975 నుంచి 1979 దాకా పోల్‌పాట్ ప్రభుత్వం లక్షలమందిని చంపింది. బౌద్ధ భిక్షువులను, చామ్ ముస్లింలను వెతికి వెతికి చంపింది. వాళ్ళకు దేవుడు లేడు. కానీ ప్రశ్నించకూడని పార్టీ ఉంది. కాబట్టి రోగం దేవుడు అనే మాటలో మాత్రమే లేదు. ఏ మాటనైనా అడగడానికి వీల్లేని చోట పెట్టి కూర్చోబెట్టడంలో ఉంది. ఈ సంగతి ఒప్పుకోని నాస్తికుడు తన ఇంటి పెట్టె మూత చూసుకోవడం లేదన్నమాట.

అన్నింటికన్నా బరువైన మాట మూడోది. ఉన్మాదిని ఆపేది కూడా చాలాసార్లు భక్తుడే. గాంధీ రోజూ ప్రార్థన చేసేవాడు. 1948 జనవరి 30న ఆయన్ను ప్రార్థన స్థలంలోనే చంపినవాడు నాస్తికుడు కాదు, పరాయి మతంవాడూ కాదు. తన మతంలో ‘తప్పే’ దగ్గర ఆగి, ‘గానీ’ అనని భక్తుడే ఉన్మాదికి మొదటి శత్రువు. మన తెలుగు నాస్తికుడు గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. తర్వాత సేవాగ్రాం వెళ్ళి గాంధీతో దేవుడి గురించి వాదించాడు, అంటరానితనం మీద కలిసి పనిచేశాడు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. పని ఆగలేదు. శామ్ హారిస్ పుస్తకం చదివేవాళ్ళు ఈ కథ కూడా చదవాలి. మితంగా నమ్మేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టి తిడితే మనకు మిగిలేది మన పదిమందే. ఉన్మాదికి కావలసిందీ అదే.

1978 నుంచి 2024 దాకా

భక్తి ఇచ్చే అప్పును జనం వెనక్కి తీసుకోగలరా? తీసుకున్న రోజు ఒకటి హైదరాబాదులోనే ఉంది. 1978 మార్చి చివర్లో రమీజాబీ అనే పేద ముస్లిం యువతి మీద నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టడంతో అతను చనిపోయాడు. శవంతో జనం రోడ్డెక్కారు. ముస్లింలూ వచ్చారు, హిందువులూ వచ్చారు. పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది, నిందితులు బయటపడ్డారు. న్యాయం జరగలేదు. కానీ మొదటి రోజుల్లో ఆ జనం అడిగిన ప్రశ్న చూడండి. ‘ఎవరు చేశారు?’ అని అడిగారు. జవాబు ‘ఆ పోలీసులు’. ఏ మతం అన్నది ఆ ప్రశ్నలో లేదు.

ఇప్పుడు 2024కు రండి. ఆగస్టు చివర్లో జైనూరు మండలంలో ఒక ఆదివాసీ మహిళ మీద అత్యాచార యత్నం జరిగింది. ఆమెను చావు అంచుదాకా కొట్టారు. నిందితుడిది వేరే మతం, అతన్ని అరెస్టు చేశారు. సెప్టెంబరు 4న ఆదివాసీ సంఘాలు బంద్ పిలిచాయి. మన ఆడబిడ్డకు జరిగినదానికి కోపం రావాలి. రాకపోతే మనుషులమే కాదు. కానీ ఆ రోజు దుకాణాలు కాలాయి, ఇళ్ళు కాలాయి, ప్రార్థనా స్థలం మీద దాడి జరిగింది. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఆ దుకాణాల వాళ్ళు ఆమె జోలికి పోలేదు. పేరు ఆ మతంవాళ్ళ పేరు, అంతే.

ఆ వారం మన ఉపాధ్యాయుల గదుల్లో, మన సంఘాల ఫోన్ గ్రూపుల్లో ఏ మాట తిరిగింది? “దుకాణాలు కాల్చడం తప్పే గానీ, మన ఆడబిడ్డకు జరిగింది చూడరా?” పార్దీవాడ మాటే అది, ప్రెస్ క్లబ్బు మాటే అది, ముసలమ్మ గూడెం మాటే అది. ఈసారి మన నోట్లోంచి వచ్చింది. నగరం నుంచి వచ్చిన కొన్ని వార్తలు దాన్ని హిందూ-ముస్లిం గొడవ అన్నాయి. మన పేన్‌ను ఎవరూ అడగలేదు. ఏటా పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళు చెప్పుల్లేకుండా నడిచి గోదావరి జలం తెచ్చి కేస్లాపూరులో నాగోబాకు పోస్తారు. ఆ నాగోబాకు ఈ తగువులో ఏ పక్షమూ లేదు. కొమురం భీం పోరాడింది నిజాం సర్కారు అటవీ, రెవెన్యూ దౌర్జన్యం మీద. ఆ పోరాటం నినాదంగా మనం చెప్పుకునే జల్, జంగల్, జమీన్‌లో జంగల్, జమీన్ రోజూ పలికే ఉర్దూ మాటలే. దాన్ని మత యుద్ధంగా మార్చి మనల్ని ముందు వరుసలో నిలబెట్టాలని చూసేవాళ్ళు ఉన్నారు. పార్దీలను నిలబెట్టినట్టే. కేసులు పడేది ముందు వరుస మీదే.

ఇంకో సంగతి కూడా ఉపాధ్యాయ మిత్రులు గుర్తుంచుకోవాలి. ఆ జైనూరు మండలంలోనే మర్లవాయి ఉంది. 1943లో హైమండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైన ఊరు. మన జాతిలో చదువు చెప్పడం అనే పని పుట్టిన నేల మీద పొగ లేచింది. కాబట్టి ఇది పోలీసుల సంగతి, నాయకుల సంగతి అని మనం చేతులు దులుపుకోలేం.

మేము తేల్చుకున్నది

సామాన్య భక్తి మతోన్మాదాన్ని కంటుందా? కనదు. కంటే బీబీ కా ఆలం ముందు దండాలు ఉండవు, పీర్ల పండుగ ఉండదు, గాంధీ ఉండడు. మరి సామాన్య భక్తికీ ఉన్మాదానికీ సంబంధమే లేదా? ఉంది. అడగని అలవాటును, మనోభావం అనే డాలును, గుంపు బలాన్ని అది అప్పుగా ఇస్తోంది. ఇస్తున్నామని తెలియకపోవడం వల్ల ఆ అప్పు ఆగడం లేదు. ‘వాళ్ళు అసలు భక్తులే కారు’ అనడం ఆ అప్పు పత్రాన్ని చింపడం కాదు, దాచిపెట్టడం.

అందుకని దేవుణ్ణి వదలమని మేము ఎవరినీ అడగడం లేదు. మేమూ కేస్లాపూర్ జాతరకు పోతాం. నమ్మకం కోసం కాదు, మన చుట్టాల కోసం, కొత్త కోడళ్ళ భేటింగ్ కోసం, మన భాష చెవిన పడుతుందని. భక్తులను మేము అడిగేది చిన్న పని. ‘తప్పే’ అన్న తర్వాత వాక్యం ఆపండి. ఆడబిడ్డకు జరిగింది తప్పే. దుకాణం కాల్చింది తప్పే. రెండు వాక్యాలు, రెంటి చివరా చుక్క. నడుమ ‘గానీ’ పెడితే ఒక తప్పు ఇంకో తప్పుకు పూచీ పడుతుంది.

తోటి ఉపాధ్యాయులు తరగతిలో చెయ్యదగినవి మూడున్నాయి. పిల్లవాడు ఫోనులో చూసిన వార్త చెబితే “ఎవరు చూశారు, నీకెవరు చెప్పారు?” అని అడిగే అలవాటు చెయ్యాలి. “అవతలివాళ్ళు మనకు చేస్తే ఏమంటావో, మనవాళ్ళు చేసినా అదే అంటావా?” అని అడగాలి. పిల్లల ముందు ముందుగా మనవైపు తప్పు పేరు పెట్టి చెప్పాలి. ముసలమ్మను చంపిన సంగతి చెప్పకుండా పాతబస్తీ సంగతి చెబితే పిల్లలు నేర్చుకునేది పగే. సైన్సు పాఠంలో జ్వరం ఎలా వస్తుందో చెప్పిన రోజే చేతబడి గురించి మాట్లాడితే, దానికి వేరే ఉద్యమం అక్కర్లేదు. దభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్రలో మూఢ ఆచారాల మీద చట్టం వచ్చింది. అలాంటి చట్టం మనకూ కావాలి. కానీ గూడెంలో సాక్షి నోరు తెరవకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది. ఆ సాక్షి ఇప్పుడు మన తరగతిలో కూర్చుని ఉన్నాడు.

నమ్మనివాళ్ళకు కూడా ఒక మాట. మన అమ్మ పేన్‌కు దీపం పెడుతుంటే వెక్కిరించి హేతువాదం నేర్పలేం. మంచి భక్తుణ్ణి అవమానిస్తే అతను ఉన్మాది పక్కకు జరుగుతాడు. అతనితో వాదించాలి, కలిసి నడవాలి, అవసరమైన రోజున అతన్ని పక్కన నిలబెట్టుకుని “ఇది తప్పు” అనాలి. గోరా చేసింది అదే.

వచ్చే ఆగస్టు 9న మన పాఠశాలల్లో డప్పులు మోగుతాయి, గుస్సాడి ఆడతారు, కొమురం భీం పటానికి దండలు వేస్తారు. ఆ రోజు ఒక గంట పక్కన పెట్టి పై తరగతుల పిల్లలతో ఈ ఒక్క మాట మీద చర్చ పెట్టండి. మన ఊళ్ళో, మనవాళ్ళు చేసిన ఏ తప్పు తర్వాత మనం ‘గానీ’ అన్నాం? పిల్లల దగ్గర జవాబులు ఉన్నాయి. అడిగేవాళ్ళు లేక చెప్పడం లేదు.